చేతులు వెనక్కి

ఈ ఏడాది మా మిరప కల్లం మొదలైన రోజు నుంచి ఎత్తేసిన రోజు వరకు ఎవరెవరు నన్ను ఏమేమన్నారో అన్నీ నా డైరీలో ఉన్నాయి. ఎదురు చెప్పడం నాకు చేతకాదు. అందుకని రాసి పెట్టుకుంటాను. తేదీ, మనిషి పేరు, అన్న మాట ఉన్నది ఉన్నట్టు.

జనవరి ఇరవై ఎనిమిది. సుబ్బరావమ్మ అంది: "పెళ్లి కాని పిల్ల బాలింతలకి పాలు పట్టించడం నేర్పుద్దంట, విన్నారా!"

ఆ రోజు మా ఇంటి పక్క కల్లంలో పదకొండు మంది ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. పరిచిన పట్టాల మీద ఎండుమిరపకాయలు మోకాలెత్తు పోసి ఉన్నాయి. తెల్లబారిన కాయను తాలు అంటారు. అది కలిసిందంటే గుంటూరు యార్డులో సరుకుకి పేరు పోతుంది. సుబ్బరావమ్మ ఆ ముఠాకి మేస్త్రి. ఆమె చేతులు కాయల మీద ఉన్నాయి, కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

"ఏమ్మే సిద్దికా, ఆ అద్దంకి ఆసుపత్రిలో మీకు ఎట్టా నేర్పుతారే? బొమ్మకి పట్టిస్తారా, బర్రెదూడకి పట్టిస్తారా?"

అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేదు. నిజంగా బొమ్మకే. మేజోడులో దూది కూరి రొమ్ము చేశారు, గుడ్డబొమ్మ బిడ్డ. ఆ సంగతి చెబితే ఇంకో గంట నవ్వుతారు.

"నేను నలుగుర్ని కన్నా. ఎవరొచ్చి నేర్పారు నాకు? నా పిల్లలు ఎండిపోయారా ఏంది?"

పక్కనే మా అమ్మ కరీమున్ కూర్చుని ఉంది. నన్ను వెనకేసుకొస్తుందేమోనని చూశాను. "నన్నడిగితే ఏం చెప్తా వదినా, దాని నాన్నని అడుగు" అని కాయల కుప్పను ముందుకి లాక్కుంది.

వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం, నేను అద్దంకిలో ఒక ట్రస్టు ఆసుపత్రికి వెళ్తున్నాను. అక్కడ తల్లిపాల సలహాదారు శిక్షణ ఇస్తున్నారు. ఇంటర్ అయ్యాక ఖాళీగా ఉన్నానని మా ఊరి నర్సు పేరు రాయించింది. మిగతా రోజులు కల్లంలో కూర్చోవాలన్నది మా నాన్న అల్లాబక్షు పెట్టిన షరతు.

అద్దంకిలోనూ నన్ను నెత్తిన పెట్టుకున్నవాళ్ళు లేరు. అక్కడ మాకు నేర్పేది శ్రీరమ్య మేడం. మొదటిసారి నన్ను వార్డులో ఒక తల్లి దగ్గరికి పంపింది. ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలుసు. అంతా పుస్తకంలో ఉంది. నోరు మాత్రం రాలేదు. నిలబడి నిలబడి, తిన్నగా వంగి ఆమె రొమ్ము నా చేత్తో పట్టుకుని బిడ్డ నోటికి అందించాను. బిడ్డ పట్టింది. గెలిచాననుకున్నాను. మేడం నన్ను వరండాలోకి పిలిచింది.

"చేతులు వెనక్కి పెట్టు."

పెట్టాను.

"అలా నిలబడి చెప్పాలి. పట్టుకోవాల్సింది తల్లి చెయ్యి. నువ్వు ఇంటికెళ్ళాక కూడా ఆమె చెయ్యి ఆమెకు ఉంటుంది, నీ చెయ్యి ఉండదు. అర్థమైందా?"

"సరే మేడం."

"వినపడలేదు."

"సరే మేడం."

"మాట రానిదానివి ఈ పనికి ఎందుకొచ్చావ్? కుట్టుమిషను నేర్చుకోకపోయావా?"

ఇదీ డైరీలో ఉంది. కింద రెండు గీతలు గీశాను, కాగితం చిరిగేలా.

ఫిబ్రవరి నాలుగున మా వదిన యాస్మిన్‌కి సర్కారు ఆసుపత్రిలో పాప పుట్టింది. వదినకి తల్లి లేదు. అందుకని తొలికాన్పైనా పురుడు మావాళ్ళే పోశారు. మా అన్న కలీం ఆ రోజు మిరప బస్తాల లారీతో గుంటూరులో ఉన్నాడు. పాప రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు ఉంది. గంటలోపు ముర్రుపాలు పట్టించాలని నర్సుకి చెప్పడానికి నోరు రాక, చీటీ రాసి చేతిలో పెట్టాను. ఆమె చదివి, నన్ను కిందనుంచి పైకి చూసి, పాపను వదిన గుండె మీద పడుకోబెట్టింది.

మా నాయనమ్మ అమీర్‌బీ మధ్యాహ్నానికి దిగింది. కొంగు చాటున ఉగ్గుగిన్నె. వీధుల్లో గాడిదలను తోలుకొచ్చేవాడి దగ్గర అప్పటికప్పుడు పితికించిన పాలు.

"ఆ పచ్చపాలు పిండి అవతల పారబొయ్యండి. మూడు రోజుల దాకా తల్లిపాలు పట్టకూడదు. మీ నాన్నకి నేను గాడిదపాలే పోశా. చూడు, ఎద్దులాగ లేడూ?"

ఎందుకు వద్దో చెప్పడానికి నా దగ్గర నాలుగు కారణాలు ఉన్నాయి. ఒక్కటీ గొంతు దాటలేదు. గిన్నె అందుకుని కిటికీలోంచి పారబోశాను. మాట్లాడటం కన్నా అది సులువు.

"నా చేతిలో గిన్నె లాక్కుంటావా? నీ తండ్రిని పెంచిన చెయ్యే ఇది!" వార్డంతా మా వైపు తిరిగింది. ఆ రోజు నుంచి నాయనమ్మ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "అద్దంకి డాక్టరమ్మ" అంటుంది.

శుక్రవారం ఇంటికి వచ్చాం. వదిన గది గడప పక్కన నాయనమ్మ ఆముదం గిన్నె, శనగపిండి డబ్బా పెట్టి కూర్చుంది.

"కల్లంలోంచి వచ్చినవాళ్ళు గడప దాటొద్దు. ఆముదం పట్టించుకుని, పిండితో రుద్దుకుని, బట్టలు మార్చుకుని అప్పుడు రావాలి. బాలింతకి కల్లం గాలి తగలకూడదు."

"తగిలితే ఏమవుద్దత్తా?" అని అమ్మ అడిగింది.

"పాలకి సోకుద్ది. మా అత్త చెప్పింది. ఆమెకి వాళ్ళత్త చెప్పింది."

నేను మా శిక్షణ పుస్తకం తెచ్చి చేతులు కడుక్కునే పేజీ తెరిచి చూపించాను. సబ్బుతో కడిగితే చాలని అందులో ఉంది. బొమ్మ కూడా ఉంది. నాయనమ్మకి చదువు రాదు. బొమ్మను చూసి మొహం తిప్పుకుంది. నేను ఆముదం గిన్నె తీసి అటక మీద పెట్టాను. డైరీలో ఆ రోజు "మూఢనమ్మకం, నాలుగోది" అని రాసుకున్నాను. గాడిదపాలు మూడోది.

కల్లం పని ముదిరింది. పొద్దున్నే వదిన దగ్గర కాసేపు కూర్చుని కల్లానికి పోయేదాన్ని. మధ్యాహ్నం వచ్చి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వదిన గదిలోకి వెళ్ళేదాన్ని. మేడం మాట గుర్తుకొచ్చేది. అయినా వదినకి చెప్పడం మొదలుపెడితే ఆమె "ఏంటి?" అనేది, నేను ఆగిపోయేదాన్ని. చేత్తో పట్టించడం ఒక్క నిమిషం పని. నేనే పట్టుకుని, నేనే అందించేదాన్ని.

పాప నోరు పెట్టి, వెంటనే తల వెనక్కి విరుచుకుని ఏడ్చేది. మామూలు ఏడుపు కాదు. గిల్లినట్టు ఏడ్చేది.

"మండుతోంది సిద్దికా" అంది వదిన మొదటి రోజే.

"మొదట్లో అలాగే ఉంటుంది వదినా" అన్నాను. పుస్తకంలో రొమ్ము నొప్పి గురించి రెండు పేజీలు ఉన్నాయి. రెండూ నాకు కంఠతా వచ్చు.

మంగళవారం అంగన్‌వాడీ తూకంలో పాప రెండు కిలోల ఐదు వందల యాభైకి దిగింది. ఇంట్లో అందరూ వదిన మీద పడ్డారు. పాలు విరిగాయన్నారు. నీళ్ళలా ఉన్నాయన్నారు. ఆమె ఉల్లిపాయ తిన్నదన్నారు, తలస్నానం చేసిందన్నారు. కల్లం నుంచి సుబ్బరావమ్మ కూడా వచ్చి గడప దగ్గర నిలబడి చూసి పోయింది. అన్న ఒక పాలడబ్బా కొనుక్కొచ్చి అద్దం పక్కన పెట్టాడు. మంచం మీద పడుకుంటే వదినకి కళ్ళెదురుగా కనిపించేది అదే.

నాన్న నన్ను పిలిచాడు. పట్టా తాళ్ళు ముడి వేస్తూ, నా మొహం చూడకుండా చెప్పాడు.

"ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం మళ్ళీ తూకం. పుట్టినప్పటి బరువుకి రాలేదో, ఆ డబ్బా విప్పుతాం. నీ అద్దంకి కూడా అంతటితో సరి. నీ చదువు చాలు, నీ పుస్తకాలు చాలు."

గురువారం శ్రీరమ్య మేడంకి పాప బరువు చెప్పాను. ఆమె కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "చెయ్యి వేస్తున్నావా?"

"లేదు మేడం."

ఆ అబద్ధం మాత్రం వినపడేలా చెప్పాను.

శనివారం మధ్యాహ్నం పాప నా చేతికింద నీలం తిరిగేలా ఏడ్చింది. పెదవుల చుట్టూ ఎర్రగా కందింది. వదిన నన్ను మోచేత్తో నెట్టేసింది.

"పో అవతలకి! నీ పుస్తకం తీసుకుపోయి పొయ్యిలో పెట్టు. నాకు పాలు లేవు. నేను ఇవ్వను. పో!"

దొడ్లోకి పోయి స్నానాల గది వెనక నిలబడ్డాను. ఏడుపొచ్చింది. వేలితో కన్ను తుడుచుకున్నాను.

కన్ను భగ్గుమంది.

అవి రెండుసార్లు సబ్బుతో కడిగిన చేతులు. నేను పుట్టిన దగ్గర్నుంచి మిరపకాయల్లో ఉన్న చేతులు. మా ఇంట్లో ఎవరి వేళ్ళకీ కారం తెలియదు. తెలిసేది కంటికి, నాలుక్కి. తొట్టెలో మొహం ముంచి, తడి మొహంతోనే లోపలికి పోయి డైరీ తీశాను. పాప తాగిన వేళలు అందులోనే రాస్తున్నాను. ఉదయం, తాగింది. మధ్యాహ్నం, ఏడ్చింది. సాయంత్రం, ఏడ్చింది. కిందికి చూస్తూ పోయాను. సోమవారం మూడు పూటలా తాగింది. గురువారం మూడు పూటలా తాగింది.

సోమవారం, గురువారం నేను అద్దంకిలో ఉన్నాను.

అన్నీ నా అక్షరాలే. వారం రోజులుగా నేనే రాసి, నేనే చదవలేదు.

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఆ రోజు డైరీలో రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. సబ్బుకి పోని కారం ఆముదానికి పోతుంది. ఎవరికీ చెప్పకుండా ఆ గిన్నె దించుకుంటే సరిపోయేది. పాప తాగేది. శుక్రవారానికి బరువు పెరిగేది. పుస్తకం గెలిచిందనేవాళ్ళు. సాయంత్రం దాకా నేను అదే చేద్దామనుకున్నాను.

సాయంత్రం అన్న కత్తెర తీసుకుని పాలడబ్బా దగ్గరికి వచ్చాడు. శుక్రవారం దాకా ఆగేది లేదన్నాడు. నాయనమ్మ మంచం పక్కన నిలబడి నీళ్ళు కాచమని అమ్మకి పురమాయిస్తోంది.

"ఈమెని అని ఏం లాభం? వీళ్ళమ్మకీ పాలు లేవంట. ఊళ్ళో మేకపాలతో పెరిగిందంట ఈమె. ఆ వంశంలోనే లేదు."

వదిన గోడ వైపు తిరిగింది. చచ్చిపోయిన తల్లిని అన్నారు. ఆమె ఏమీ అనలేదు. నాకు తెలుసు, అలా ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో.

"వదిన పాలు మంచియ్యే" అన్నాను.

"ఏందే గొణుగుతున్నావు?" అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

"నా చేతులు." నా గొంతు నాకే వింతగా ఉంది. "నా చేతుల కారం. కల్లంలోంచి వచ్చి నేనే పట్టించాను. రోజూ. పాప నోరు కాల్చింది నేనే. వదిన మండుతోందని చెప్పింది. నేను వినలా."

బయట తొట్టె దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న ముఠా ఆడవాళ్ళు కిటికీ దగ్గరికి చేరారు.

నాయనమ్మ అటక మీంచి ఆముదం గిన్నె తనే దించింది. నా రెండు చేతులు పట్టుకుని నూనె పట్టించి, పిండి చల్లి రుద్దింది. అది కడగడం కాదు, కొట్టడమే. గోళ్ళ సందుల్లో తన గోరు పెట్టి గీకింది.

"గాలి లేదు గీలి లేదంటివే, డాక్టరమ్మా. ఇప్పుడు నీ వేలు నువ్వే నాకి చూడు."

నాకాను. నాలుక చుర్రుమంది. మళ్ళీ రుద్దింది. మూడోసారికి వేలు చప్పగా తగిలింది.

"ఇదీ కడగడమంటే" అని చెయ్యి విదిలించి వదిలేసింది.

అన్న నా మొహం మీదికి వచ్చాడు. "ఇంకొకసారి నా కూతురి మీద నీ చెయ్యి పడిందో, ఇరగ్గొడతా."

"మంత్రసానమ్మా, బిడ్డ నోట్లో మిరపకాయ పెట్టించావు కదే!" అని బయటనుంచి సుబ్బరావమ్మ. నవ్వులు.

వదిన ఇటు తిరిగింది. నన్ను చూడలేదు. డబ్బాను చూసి అన్నతో అంది. "శుక్రవారం దాకా అన్నారు. శుక్రవారం దాకా ఆగండి." తర్వాత నా కాళ్ళ వైపు చూస్తూ అంది. "ఈమె గడప దాటొద్దు."

ఆ వారమంతా నేను పొద్దుట నుంచి పొద్దుగూకేదాకా కల్లంలోనే. సోమవారం అద్దంకి పోతానని అడగలేదు. గురువారమూ అడగలేదు. పాప ఏడుపు ఆగింది. నాతో మాటలూ ఆగాయి. అన్నం కంచం అమ్మ నా ముందు పెట్టే చప్పుడే మాటకింద లెక్క. ముఠా వాళ్ళు మాత్రం ఆగలేదు. చేతులు కడిగావా, నాలుక మీద పెట్టి చూశావా అని పూటకొకసారి. అన్నీ రాసుకున్నాను. సుబ్బరావమ్మ పేరు ఆ వారంలో తొమ్మిదిసార్లు ఉంది.

గడప ఇవతల నుంచి ఒకటి గమనించాను. ఇన్నాళ్ళూ పట్టించింది నా చెయ్యి. వదినకి తన చేత్తో పట్టించడం రాదు. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, మెడ మాత్రం తిప్పి, తాను ముందుకి వంగి ఇస్తోంది. పాప కొసను పట్టుకుని చీకుతోంది. జారిపోతోంది. వదిన పళ్ళు బిగబట్టి మళ్ళీ వంగుతోంది. వీపు నొప్పితో గోడకి ఆనుకుంటోంది. మేడం వరండాలో చెప్పింది ఇదే. నీ చెయ్యి ఉండదు అని.

శుక్రవారం తూకంలో పాప రెండు కిలోల ఏడు వందల గ్రాములు ఉంది. నూట యాభై పెరిగింది. వంద తక్కువ.

"మాట మాటే" అన్నాడు నాన్న. ఆయన గుమ్మం పక్కన నిలబడ్డాడు. అన్న డబ్బా, కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. నాయనమ్మ మంచం కోడు దగ్గర కూర్చుంది. వదిన ఎవరి వైపూ చూడకుండా పాపను ఒళ్ళోకి తీసుకుని, పైట కప్పుకుని, మళ్ళీ అలాగే వంగింది. పాప పట్టుకుంది. జారింది. ఏడ్చింది.

నేను గడప ఇవతల ఉన్నాను. ఆముదం పట్టించి పిండితో రుద్దుకోవడం అయింది. వేలు నాకి చూసుకున్నాను. లోపలికి పోయి ఆ మెడ కింద చెయ్యి పెడితే ఒక్క నిమిషం పని. చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదాంతో గట్టిగా పట్టుకున్నాను.

"వదినా, వంగొద్దు. వెనక్కి ఆనుకో" అన్నాను. "పాపను నీ దగ్గరికి తెచ్చుకో."

"నోరు ముయ్యవే" అన్నాడు అన్న.

"పాప పొట్ట నీ పొట్టకి ఆనాలి. మెడ ఒక్కటే తిప్పొద్దు, మనిషంతా తిరగాలి."

"నోరు ముయ్యమన్నానా!" కత్తెర డబ్బా అంచు మీద పెట్టాడు.

వదిన తల తిప్పలేదు. నా వైపు చూడలేదు. పైట కిందనే పాపను సర్దుకుంటూ అంది.

"వినపడట్లా. గట్టిగా చెప్పు."

అన్న కత్తెర ఆగింది.

గట్టిగా చెప్పాను. ముందు వెనక్కి ఆనుకోమన్నాను. దిండు నడుము కింద పెట్టుకోమన్నాను. పాప ముక్కు రొమ్ముకి ఎదురుగా ఉండాలన్నాను. పెదవికి తాకించి ఊరుకో, తొందరపడొద్దు, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగు, ఇంకా, ఇంకా, ఇప్పుడు దగ్గరికి లాక్కో అన్నాను. నా గొంతు పగిలి ఎక్కడికో పోయింది. మొహం కాలిపోతోంది. నాన్న ఎదురుగా ఆ మాటలన్నీ అన్నాను. ఆయన తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఏడుపు ఆగింది. గదిలో గుటక వినపడింది. ఇంకొకటి.

నాయనమ్మ పాప దవడ కదలడం చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు గుమ్మం వైపు తిరిగి, బయట ఉన్న నాన్నకి వినపడేలా అరిచింది. "ఒరేయ్ అల్లాబక్షూ, దీన్ని ఇంక కల్లంలో కూర్చోబెట్టొద్దు. ఆ చేతులు అటన్నా ఉండాలి, ఇటన్నా ఉండాలి. సోమవారం బస్సుకి తగలెయ్యి ఆ అద్దంకికి."

అన్న డబ్బాను అద్దం పక్కన పెట్టేశాడు, విప్పకుండానే.

పాప పట్టు మళ్ళీ జారింది. వదిన అలాగే, నా మొహం చూడకుండా, "తర్వాత?" అంది. నేను మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను.

కల్లంలోంచి సుబ్బరావమ్మ గొంతు వచ్చింది. "ఎవరే అది, అట్టా అరుస్తంది? మీ సిద్దికానా? దానికి నోరెప్పుడొచ్చిందే?"

అమ్మ ఏం చెప్పిందో నాకు వినపడలేదు. నేనింకా చెబుతూనే ఉన్నాను.